పళ్లపొడి డబ్బాతో అరకు కొండకు

మా పేటలో నన్ను చూడగానే పిల్లలు నోళ్లు మూసుకుంటారు. ఎదురుపడిన ప్రతి పిల్లనీ గడ్డం పట్టుకుని "ఏదీ, నోరు తెరువు" అంటానని వాళ్లకు తెలుసు. పాతికేళ్లు మిషను ఆస్పత్రిలో నర్సు పని చేశాక నాకు మిగిలిన జబ్బు అదొక్కటే. సగం రోగాలు చిగుళ్ల సందుల్లోంచే ఒంట్లోకి దిగుతాయని నా నమ్మకం. మా వాళ్లు నవ్వుతారు. నవ్వనీ, నవ్వితే పళ్లు కనిపిస్తాయి.

అలాంటిదాన్ని అరకు కొండ ఎక్కించినవి కూడా చిగుళ్లే. అక్కడ ఒక గెడ్డ ఒడ్డున మా తమ్ముడు దేవదానం బడి నడుపుతున్నాడు. గెడ్డంటే కొండవాగు. చుట్టుపక్కల ఊళ్ల పిల్లల్ని బతిమాలి తెచ్చి, అక్కడే ఉంచుకుని, తిండి పెట్టి చదువు చెబుతాడు. జనవరి మొదట్లో వాడి దగ్గర్నుంచి కబురొచ్చింది. పిల్లల చిగుళ్లు వాచి నెత్తురోడుతున్నాయట. అమ్మానాన్నలు చూశారంటే లాక్కుపోతారట, ఆ పైన బడికి తాళమే. "అప్పా, నువ్వు బేగి రా" అన్నది ఆ కబురులో చివరి మాట. వాడు నా చంకన పెరిగినవాడు. ఆ మాట విన్నాక ఇంట్లో నాకు కాలు నిలవలేదు.

మీలో ఆ కొండలెక్కినవాళ్లు తక్కువే ఉంటారు గనక చూసింది చూసినట్టు చెబుతాను. దూరపు కొండలు నునుపు అంటారు గాని, నాకైతే దగ్గరికెళ్లాకే ఇంకా బాగున్నాయి.

కోటలో బండి

శృంగవరపుకోటలో బండి ఎక్కాను. నాతో పాటు ఒక సంచిలో దుప్పట్లు, ఒక రేకు డబ్బా నిండా నేను నూరిన పళ్లపొడి. బొగ్గు, ఉప్పు, పటిక, కరక్కాయ, నాలుగు లవంగాలు. మా అమ్మ నేర్పిన పాళ్లే, పటిక మాత్రం ఆస్పత్రి చేర్చింది.

బండిలో అప్పటికే ఒక ముసలమ్మ ఎండుచేపల గంపతో కూర్చుని ఉంది. అరకు సంతలో చేపలిచ్చి చింతపండు, పిప్పళ్లు తెచ్చుకుంటుందట. కొండమీద డబ్బుకంటే ఉప్పుకీ ఎండుచేపకీ మర్యాద ఎక్కువని చెప్పింది. మాట్లాడుతూనే చుట్ట వెలిగించి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుంది. మా వైపు ఆడవాళ్ల అడ్డచుట్ట సంగతి మీకు తెలిసిందే. నాకు ఒళ్లు మండింది. అంగుడు కాలిపోతుందనీ, పుండు పడుతుందనీ ఆస్పత్రిలో చెప్పినట్టే గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఆవిడ అంతా విని, చుట్ట తీసి, నోరు బార్లా తెరిచి చూపించింది.

"నా పళ్ల బెంగ నీకేటికమ్మా? ఉన్నయ్యి రెండు. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురుపడవు."

బండివాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను. మధ్యాహ్నం ఆవిడ తన మూటలోని చోడి రొట్టె, అదే రాగి రొట్టె, విరిచి నాకు పెట్టింది. పైన ఎండుచేప ముక్క కాల్చి వేసింది. నోట్లో పళ్లు లేని మనిషి ఆ రొట్టెను అంబలిలో నానబెట్టుకుని, నాకు మాత్రం మంచి కరకరలాడే ముక్క ఏరి ఇవ్వడం నాకు గుర్తుండిపోయింది.

మందుగుండు

ఘాటీ సగం ఎక్కాక పోలీసు గుడిసె ఉంది. ఏజెన్సీలో ఫితూరీ, అదే మన్యం తిరుగుబాటు, చల్లారి ఎంతో కాలం కాలేదు, పైకెళ్లే ప్రతి మూటా విప్పి చూస్తున్నారు. నా డబ్బా మూత తీసిన కానిస్టేబు నల్లటి పొడి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. మందుగుండు అన్నాడు. పళ్లపొడి అన్నాను. అంత పొడి ఎవరి పళ్లకని అడిగాడు. బడిపిల్లలకన్నాను. కొండ పిల్లలు పుల్లతో తోముకుంటారు గాని పొడి ఎక్కడిదని లా పాయింటు తీశాడు. దూరంగా ఒక చిటికెడు నిప్పు మీద వేసి చూద్దామని ఇంకో కానిస్టేబు అంటే వీడు వద్దన్నాడు.

చివరికి నేనే చెంబుతో నీళ్లు తెప్పించుకుని, వాళ్లందరి ముందూ చూపుడు వేలితో పొడి తీసుకుని పళ్లు తోముకున్నాను. ఏభయ్యేళ్ల మనిషిని, మధ్యాహ్నం ఎండలో, రోడ్డు మీద నల్లగా ఉమ్ముకుంటూ. వాడి మొహం తేటపడింది. నాక్కూడా కొంచెం ఇస్తావా అమ్మా, పన్ను సలుపుతోంది అన్నాడు. నోరు తెరువు అన్నాను. దవడ పన్ను పుచ్చి డొల్లయింది. సంచిలోంచి లవంగం తీసి అదిమి పెట్టాను, కోటకు దిగి పీకించుకోమన్నాను. బండి కదిలేదాకా చెంప పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు, పాపం.

ఆ రాత్రి అనంతగిరి దగ్గర ఒక పాకలో పడుకున్నాం. రెండు దుప్పట్లు కప్పుకున్నా పళ్లు టకటకలాడాయి. పొద్దున్న లేచి చూస్తే ముందున్న ఎద్దులు కూడా కనపడనంత మంచు. అది విడిచాక లోయ కనిపించింది. కోత మిగిలిన వలిసె చేలు అక్కడక్కడా పసుపు పచ్చగా ఉన్నాయి.

ఇటుక పొడి

బడి అంటే మట్టిగోడల పొడుగు పాక. పగలు తరగతులు, రాత్రి అందులోనే పడక. ఒక వైపు ఆడపిల్లలు, ఒక వైపు మగపిల్లలు, మధ్య తడిక. తమ్ముడు చిక్కిపోయాడు. నన్ను చూడగానే చిన్నప్పటిలాగా నా చెయ్యి పట్టుకుని పిల్లల దగ్గరికి లాక్కెళ్లాడు.

వరసలో నిలబెట్టి నోళ్లు చూశాను. చాలామందికి చిగుళ్లు ఊదారంగు తిరిగి ఉబ్బి ఉన్నాయి. వేలు ఆనిస్తే చాలు నెత్తురు. ఆ వరసలో చివర బుద్రి ఉంది. బుధవారం పుట్టింది గనక బుద్రి. తొమ్మిదేళ్లుంటాయేమో. అందరికంటే దానికే ఎక్కువ. ముందు పళ్లు రెండు కదులుతున్నాయి. అయినా బడిలో గట్టిగా చదివేది అదేనట.

వీళ్లు పళ్లు దేంతో తోముకుంటున్నారని అడిగాను. తమ్ముడు గర్వంగా ఒక కుండ చూపించాడు. దంచి జల్లించిన ఇటుక పొడి. పొద్దున్నే పుల్లలకని పిల్లలు అడవిలోకి పోతే ఒక్కొక్కరూ ఒక్కో దిక్కు, పులి భయం ఒకటి, బడి గంట ఆలస్యం ఒకటి, అందుకని పుల్లలు మాన్పించి పొడి పెట్టానన్నాడు. నా నోరు ఊరుకోలేదు.

"పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేంరా! దీనికి చదువు ఎందుకు, వాళ్లను వాళ్ల మానాన వదిలేస్తే సరిపోయేది."

వాడు తల వంచుకుని ఆ కుండ తీసుకెళ్లి పెరట్లో బోర్లించాడు. నేను కొంచెం మెత్తబడ్డాను.

మర్నాటి నుంచి పిల్లలందరినీ నేనే గెడ్డకు తీసుకెళ్లాను. దారిలో సాలచెట్టు పుల్లలు విరిచేవాళ్లం. మనకు వేపా కానుగా ఎలాగో వాళ్లకు సాల అలాగ. మనం పుల్ల నమిలి, చీల్చి నాలిక గీసుకుని పారేస్తాం. వాళ్లు పారెయ్యరు. కడిగి, సిగలో గానీ చెవి మీద గానీ దోపుకుని మధ్యాహ్నం మళ్లీ నములుతారు. పుల్ల తోమాక నా పొడి చిగుళ్లకు వేలితో రాయించేదాన్ని. ఉప్పు తగలగానే సగం మంది మింగేసేవారు. ఉప్పంటే వాళ్లకు అంత ప్రీతి. నాకు పొడి మామ్మ అని పేరు పెట్టారు.

రోజులు గడిచాయి. వాపు తగ్గలేదు. పుల్ల మీద నెత్తురు అలాగే అంటుకుంటోంది. నా డబ్బా అడుగు కనిపించేసరికి నాకు దిగులు పట్టుకుంది. తమ్ముడు పగలు పాఠం చెబుతూనే బాట వైపు చూసేవాడు. ఎవరి తండ్రి వస్తున్నాడో, ఎవరిని తీసుకుపోతాడో అని వాడి బెంగ.

ఆకు కింద చిక్కుళ్లు

ఆస్పత్రిలో మా డాక్టరమ్మ చెప్పేది, పచ్చి కూర, పుల్లటి కాయ తినని ఒంటికి చిగుళ్లు నిలవవని. నాకా సంగతి గుర్తుంది. కాని అక్కడ వాటికేం కరువు? బడి దడి మీద చిక్కుడు విరగకాసింది, వెనక ఉసిరి చెట్టు కొమ్మలు వంగిపోయాయి. పిల్లలకు కిందనుంచి తెచ్చిన బియ్యం, పప్పు, దాంతో పాటు రోజూ చిక్కుడుకాయ కూర వండిస్తున్నానని తమ్ముడు చెప్పాడు. నేను తిన్నాను కూడా, వలిసె నూనెతో పోపు పెట్టిన ఆ కూర ఇప్పటికీ నోట్లో ఉంది. వెళ్లిన రోజునే ఉసిరికాయ ఒకటి కోసి కొరికితే పిల్లలంతా గుడ్లప్పగించి నన్నే చూశారు. ఆశపడుతున్నారు కాబోలు అనుకుని ఇవ్వబోతే ఒక్కరూ చెయ్యి చాపలేదు.

ఒక మధ్యాహ్నం విస్తళ్లు ఎత్తే వేళకు వంట మనిషికి సాయం వెళ్లాను. బుద్రి విస్తరి ఎత్తితే కింద మట్టిలో చిక్కుడు ముక్కలు, పద్ధతిగా ఒకచోట. పక్క విస్తరి కిందా అంతే. ఏ విస్తరి ఎత్తినా అంతే. అన్నీ తిన్నట్టు నటించి, పప్పూ అన్నం మాత్రం తింటున్నారు.

నాకు ముందు కోపం వచ్చింది. తరవాత ఆ ముక్కలు అంత పొందికగా పెట్టి ఉండడం చూసి ఆలోచనలో పడ్డాను. ఇష్టం లేని కూరను పిల్లలు విసిరేస్తారు గాని దాచిపెట్టరు. బుద్రిని పిలిచి ఒళ్లో కూర్చోబెట్టుకుని అడిగాను. కూర చేదుగా ఉందా అంటే లేదంది. చిగుళ్లు నొప్పా అంటే కాదంది. మరెందుకే అంటే నా చీర కొంగు నలుపుతూ, "నాకు కొత్త అవనేదు" అంది. అంతకు మించి ఒక్క మాట రాలేదు.

సంత

మర్నాడు అరకు సంత. బుద్రి తల్లి చిక్కుళ్లు అమ్మడానికి వస్తుందని తెలిసి దాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. తమ్ముడు వద్దన్నాడు. తల్లి ఆ నోరు చూస్తే పిల్ల ఇక రాదన్నాడు. రాకపోతే పోనీ, తల్లికి దాచి నేను వైద్యం చెయ్యనన్నాను. వాడూ వెనకాలే వచ్చాడు.

సంత నేల మీద పసుపు కొమ్ములు, పిప్పళ్లు, కందదుంపలు, అడ్డాకుల కట్టలు కుప్పలు పోసి ఉన్నాయి. ఉప్పు రాశి దగ్గరే జనం ఎక్కువ. తవ్వెడు ఉప్పుకి నాలుగింతల చింతపండు కొలిచి ఇస్తున్నారు. మా ఎండుచేపల ముసలమ్మ దూరం నుంచి చెయ్యి ఊపింది, నోట్లో చుట్టతోనే.

తల్లి కూతుర్ని చూసి నవ్వింది. కూతురూ నవ్వింది. అంతే, తల్లి నవ్వు ఆగిపోయింది. పిల్ల పెదవి పైకెత్తి చూసింది. ఏడవలేదు, అరవలేదు. చిక్కుళ్ల గంప పక్కకు నెట్టి, పిల్లను తన వెనక్కి తిప్పుకుని మా తమ్ముడి వైపు చూసింది.

నేను ఆవిడ పక్కన నేల మీద కూర్చున్నాను. బుద్రి చెప్పిన మాట చెప్పి, అదేమిటో నాకు తెలీదమ్మా, కొండకు కొత్తదాన్ని, చెప్పమన్నాను. ఆవిడ నన్ను నమ్మలేనట్టు చూసింది. లోకంలో ఆ సంగతి తెలియని మనుషులుంటారని ఆవిడ అనుకోలేదు.

ఏడాదిలో ఏ పంట కొత్తగా వచ్చినా, చిక్కుడు గానీ ఉసిరి గానీ మామిడి గానీ, ముందు ఇంట్లో పెద్దలకు, అంటే పోయినవాళ్లకు, పెట్టాలి. పెట్టాక తల్లి తన చేత్తో పిల్లల నోట్లో పెట్టాలి. దానికి కొత్త అని పేరు. ఆ ముద్ద ఇంటి దగ్గర పడేదాకా ఆ పంట ముట్టకూడదు.

"ఊరికి కొత్త అయిపోనాది. బళ్లో ఉన్నోలికి అవనేదు. ఇంటికి పంపనేదు గదా మేస్టరు?"

తింటే ఏమవుతుందని అడిగాను. ఈసారి తల్లి వెనకనుంచి బుద్రి జవాబు చెప్పింది. "నాకేటీ అవదు మామ్మా. మా తమ్ముడికి పులి తగుల్తాది."

పళ్లు కదిలిపోతున్నా, ఎదుట కూర ఘుమఘుమలాడుతున్నా, ఈ గుంట ఇన్నాళ్లూ ఇంటి దగ్గరున్న తమ్ముడి కోసం నోరు కట్టుకుంది. దానితో పాటు ఆ పాకలో ఉన్నవాళ్లంతా, ఎవరి ఇంటివాళ్ల కోసం వాళ్లు. అప్పా అని కబురు పెడితే కొండెక్కి వచ్చినదాన్ని, నాకు అది అర్థం కాకుండా ఎలా ఉంటుంది?

మా తమ్ముడి మాట

మూట సర్దుకొమ్మని తల్లి బుద్రిని మాతో పంపింది, గంప అమ్ముడయ్యాక వచ్చి తీసుకుపోతుందట. దారిలో తమ్ముడు నోరు విప్పాడు. పోయినేడు ఇద్దరు పిల్లల్ని పండక్కి ఇంటికి పంపితే మళ్లీ రాలేదట. అందుకే ఈసారి ఎవర్నీ వదల్లేదట. ఇప్పుడు అందర్నీ పంపితే రేపు ఖాళీ పాకకు పాఠం చెప్పుకోవాలన్నాడు. పైగా పోయినవాళ్లకు పెట్టిన తిండికి తానే సెలవిచ్చినట్టవుతుందనీ, బడి ఖర్చిచ్చే మిషను దొరలకు తెలిస్తే ఏమంటారోననీ.

"మన అమ్మ గుమ్మడి పాదు గుర్తుందిరా?" అన్నాను.

వాడు నడక ఆపాడు. మా ఇంట్లో మొదటి గుమ్మడికాయ కోతల పండుగకు మా మిషను గుడిలో ప్రార్థన బల్ల ముందు పెట్టేదాకా అమ్మ ముక్క ముట్టనిచ్చేది కాదు. ఒకసారి వీడు పిందె కోసి పచ్చిదే కొరికితే దేవుడి వాటా తిన్నావని అమ్మ ఆ రోజంతా వీడితో మాట్లాడలేదు. వీడు గుడి వెనక కూర్చుని ఏడుస్తుంటే నేనే ఎత్తుకొచ్చాను.

వాడు పాక ముందుకు రాగానే పిల్లల్ని పిలిచి, ఇళ్లకు వెళ్లి కొత్త తినేసి రండి అన్నాడు. పిల్లలు ముందు కదల్లేదు. తరవాత ఎండుటాకులు గాలికి లేచినట్టు ఒక్కసారి లేచిపోయారు. బుద్రి వెళ్లేముందు పలక తీసుకెళ్లాలా వద్దా అని అడిగింది. నీ ఇష్టం అన్నాడు వాడు. అది పలక చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఎందుకు తీసుకెళ్లిందో అని వాడు ఆ పూట అన్నం తినలేదు.

ఖాళీ పాక

వాళ్లు లేని బడి చూడలేకపోయాను. తడిక మీద దోపిన పుల్లలు ఎండిపోయాయి. తమ్ముడు ఊడ్చిన చోటే ఊడుస్తున్నాడు. నేను చిక్కుడు పాదుకు నీళ్లు పోశాను, కోయలేదు. కోసినా నాకూ నోటికి పోదనిపించింది.

ఫలితం ముందే చెప్పేస్తాను, నాకు దాచడం చేతకాదు. నేను కొండ దిగే నాటికి బుద్రి ముందు పళ్లు రెండూ గట్టిపడ్డాయి, సాలపుల్ల నమిలి ఉమ్మితే తెల్లగానే పడింది. ఒకళ్లిద్దరికి తప్ప అందరికీ చిగుళ్లు మామూలు రంగుకొచ్చాయి. పిల్లల్లో ఒక్క గుంటడు మాత్రం తిరిగి రాలేదు. వాళ్లింట్లో గొడ్లు కాసే దిక్కు లేదట. వాడి చాప తమ్ముడు ఇంకా చుట్టలేదు. ఇకమీద ఏ కొత్తకైనా పిల్లల్ని ఇళ్లకు పంపుతానని తల్లులందరికీ మాట ఇచ్చాడు.

కాని నాకు చెప్పాలనున్నది వాళ్లు తిరిగొచ్చిన సాయంత్రం సంగతి.

పొద్దు కొండ వెనక్కి దిగుతుంటే గెడ్డ అవతల మాటలు వినిపించాయి. తమ్ముడు చీపురు పడేసి పరుగెత్తాడు. పిల్లలు ఒకరి వెనక ఒకరు రాళ్ల మీదుగా దాటి వస్తున్నారు. అందరికంటే ముందు బుద్రి, చంకలో పలక, రెండు చేతుల్లో అడ్డాకు పొట్లం. వచ్చి, పొట్లం విప్పింది. ఉడికించిన చిక్కుడు గింజలు, ఉప్పులో ఊరిన ఉసిరికాయలు.

"మా అమ్మ మీ పేర్లు కూడా సెప్పింది పెద్దలకి. మీకూ కొత్త అవనేదు గదా. ముందే తినేసినారు. నాకు బయ్యమేసింది."

వెళ్లిన రోజున నేను ఉసిరికాయ కొరికినప్పుడు అంతమంది కళ్లు ఎందుకు పెద్దవయ్యాయో అప్పుడు తెలిసింది. ఇన్నాళ్లూ వాళ్లు మా గురించి కూడా భయపడుతూనే ఉన్నారు.

బుద్రి ముందు మేస్టరి దగ్గరికి వెళ్లింది. వాడు నా వైపు చూశాడు. కళ్లు మూసుకుని పెదవులు కదిలించాడు, భోజనానికి ముందు చేసే ప్రార్థనే అయివుంటుంది. తరవాత ఆ పిల్ల ఎత్తుకు మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు.

ఆ పైన అది నా దగ్గరికి వచ్చింది. నాలుగు గింజలు, ఒక ఉసిరి ముక్క వేళ్ల మధ్య పట్టుకుని, రెండో చేత్తో నా గడ్డం పట్టుకుంది.

"ఏదీ మామ్మా, నోరు తెరువు" అంది.

తెరిచాను.